కుందేళ్ల మెడకు గరాట్లు

వేములదిన్నెలో పిల్లులకు ఎప్పుడూ ఏ జబ్బూ రాలేదు. వచ్చినా అవి ఎవరికీ చెప్పుకోలేదు. చేపల సందులో తిరిగి, గోడల మీద పడుకుని, తమ బతుకు తాము బతికి తమ చావు తాము చచ్చేవి. అలాంటి ఊళ్లో మార్జాల ఆరోగ్య పరిరక్షణ కేంద్రం ఎందుకు వెలిసిందంటే, రాజధానిలో ఒక పెద్ద అధికారి ఇంట్లో పిల్లికి తుమ్ములు పట్టుకున్నాయి. ఆ తుమ్ములు విన్నవాళ్లందరూ ఆయన కింద పనిచేసేవాళ్లే. ఒకాయన అయ్యో అన్నాడు. ఇంకొకాయన కళ్లు తుడుచుకున్నాడు. మూడో ఆయన పథకం రాశాడు. మూడో ఆయనకు ప్రమోషన్ వచ్చింది, ఊళ్లకు కేంద్రాలు వచ్చాయి.

వేములదిన్నెలో పాత విత్తనాల గోడౌనుకు సున్నం కొట్టి, పిల్లి బొమ్మతో బోర్డు తగిలించి, అదే కేంద్రమన్నారు. పిల్లులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చెయ్యాలని పై నుంచి ఉత్తర్వు. ఆపరేషనైన పిల్లి కుట్లు నాక్కోకుండా మెడకు తొడగడానికి ప్లాస్టిక్ గరాట్లు కొన్నారు. లారీల్లో కొన్నారు. గోడౌను కప్పు దాకా పేర్చి, తలుపు మూయడానికి ఇద్దరు తోయాల్సి వచ్చేటట్టు కొన్నారు. తర్వాత షామియానా వేసి, మైకు పెట్టి, పిల్లుల కోసం ఎదురు చూశారు. ఒక్క పిల్లీ రాలేదు. అటెండరు ఖాసింను గోనెసంచి ఇచ్చి చేపల సందుకు పంపితే, సంచి చిరిగి, మోచేతుల దాకా రక్కుళ్లతో తిరిగొచ్చాడు. ఆ రోజు శిబిరంలో సూది పడింది ఖాసింకే. సాయంత్రం పైకి పోయిన నివేదికలో "శిబిరము నందు వైద్యసేవలు అందించబడినవి" అని రాశారు. ఎవరికని అడిగినవాడు లేడు.

గరాట్లు మాత్రం గోడౌన్లో ఉండిపోయాయి. ఆడిట్ వస్తోందని కబురొచ్చింది.

ఇది పిల్లుల సంగతి. కుందేళ్ల సంగతి వేరు. వేరుగానే ఉండాల్సింది కూడా. కానీ కుందేళ్ల పెంపక పథకానికి సొంత కట్టడం లేక, అదే గోడౌన్లో ఒక బల్ల వేశారు. రెండు పథకాలకూ జాయింట్ డైరెక్టరు ఒక్కడే, కోదండపాణి. డాక్టరు కూడా ఒక్కతే, కొత్తగా వచ్చిన మేఘమాల. అక్కడ మొదలైంది తంటా.

కుందేళ్ల పథకంలో అందరికన్నా బాగా నిలదొక్కుకున్న మనిషి ఆ ఊరి క్రిస్టియన్‌పాలెంలో ఉండే సువార్తమ్మ. అంతకుముందు ఆమె పొగాకు కంపెనీలో ఆకు రకాలు వేరుచేసే గ్రేడింగు పని చేసేది. ఆ షెడ్డులో ఆకుధూళి పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు పాడైతే, ఇంకో సీజను అక్కడ కూర్చుంటే లేచి రావని ఆస్పత్రిలో చెప్పారు. అందుకని కుందేళ్లు తీసుకుంది. శాఖవాళ్లు ఆడవాటినీ మగవాటినీ ఇచ్చి, నిబంధన మీరితే వెనక్కి పట్టుకుపోతామని సంతకం పెట్టించుకున్నారు. ఇంటి వెనక రేకుల కింద బోన్లు కట్టి, మేతకు పిల్లిపెసర మోపులు మోసి, ఈనినవాటిని కనిపెట్టుకుని ఆమె ఆ మందను పెంచింది. ఒంగోలు హోటలువాళ్లు ఇంటికొచ్చి కొనుక్కుపోయేవాళ్లు. మొగుడు ఇర్మియా ఆటో తోలేవాడు. ఆ కుందేళ్లు నిలిస్తే సువార్తమ్మకు ఊపిరాడుతుంది. పోతే మళ్లీ గ్రేడింగు షెడ్డే. ఆమెకు వేరే దారి లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, ఇర్మియాకూ తెలుసు, దగ్గొచ్చినప్పుడల్లా ఇద్దరూ చెరొక పక్కకు చూసేవాళ్లు.

ఒక రోజు తెల్లవారీ తెల్లవారకముందే కోదండపాణి ఆకస్మిక తనిఖీకి దిగాడు. వెనక డాక్టరు మేఘమాల, ఆ వెనక ఖాసిం. కోదండపాణి బోను ముందు నిలబడి, నుదుటి మీద మచ్చ ఉన్న చుక్క అనే ఆడ కుందేలును చూశాడు. చుక్క ఆయన్ని చూడలేదు. అది నడుం వంచి, తల కాళ్ల మధ్యకు దూర్చి, వెనక నుంచి వస్తున్నదాన్ని వస్తున్నట్టే నోట్లోకి తీసుకుని, తలెత్తి తీరిగ్గా నమిలింది.

"ఏమిటది?" అన్నాడు కోదండపాణి.

"కుందేలు సార్," అంది సువార్తమ్మ.

"కుందేలని నాకు తెలుసు. అది చేస్తున్నదేమిటి?"

సువార్తమ్మకు సిగ్గేసింది. కొనడానికి వచ్చినవాళ్ల కంట ఇది పడకూడదని ఆమె పొద్దున్నే ఎవరినీ రానిచ్చేది కాదు. "ఏం చెప్పను సార్. గట్టి పెంటికలు కింద ఒదిలేస్తయి. పొద్దుపొద్దున వొచ్చే మెత్తటియి మాత్తరం మూతి పెట్టి తినేస్తయి. తిట్టినా ఇనవు. ఒకసారి దెబ్బ గూడా ఏశా."

"ఎవరు నేర్పారు?"

"నేనైతే నేర్పలా సార్. ప్రెమాణం."

కోదండపాణి జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. వాసన లేదు, అయినా పెట్టుకున్నాడు. "శాఖ పంపిణీ చేసిన జంతువు. చెవి మీద శాఖ ముద్ర ఉన్న జంతువు. పరిశుభ్రతా మాసంలో, తనిఖీ అధికారి సమక్షంలో, తన మలాన్ని తాను భుజించడం! డాక్టర్ గారూ, మీరు చూశారా?"

"చూశాను సార్," అంది మేఘమాల. "కుందేళ్లలో అది సహజ..."

"సహజమైనవన్నీ అనుమతించబడవు డాక్టర్ గారూ. సహజమైనవాటిని అనుమతించుకుంటూ పోతే ఇక శాఖ ఎందుకు?"

మేఘమాల నోరు మూసుకుంది. కాలేజీలో బంగారు పతకం తీసుకున్న నోరు అది.

సమావేశం జిల్లా కేంద్రంలో పెద్ద హాల్లో జరిగింది. సువార్తమ్మను కూడా పిలిచారు. ఎవరి కుందేలు తప్పు చేసిందో ఆమె ఎదురుగా ఉండాలట. కోదండపాణి లేచి మాట్లాడాడు. "గౌరవ సభ్యులారా, సమస్య తీవ్రమైనది, పరిష్కారం సులభమైనది. సదరు జంతువు యొక్క ముఖానికీ, సదరు స్థలానికీ మధ్య పాలనాపరమైన దూరం కల్పించాలి."

"దూరం అంటే?" అన్నాడు ఆడిట్ నుంచి వచ్చినాయన.

"కంఠరక్షక కవచం," అన్నాడు కోదండపాణి. "అదృష్టవశాత్తూ శాఖ వద్ద నిల్వ ఉన్నది."

హాలంతా చప్పట్లు. ఆడిట్ ఆయన కూడా కొట్టాడు. గోడౌన్లో మురుగుతున్న గరాట్లకు ఉపయోగం దొరికింది కాబట్టి ఆయన పనీ అయిపోయింది. పిల్లులకు కొన్న సామాను కుందేళ్లకు పట్టదేమో అని అడగడానికి మేఘమాల చెయ్యి ఎత్తబోయి, జుట్టు సర్దుకుంది. ఖాసిం వెనక నుంచి సమోసాలు పట్టుకొచ్చాడు.

గరాట్ల పండగ వేములదిన్నె స్కూలు ఆవరణలో చేశారు. సువార్తమ్మను వేదిక ఎక్కించి, శాలువా కప్పి, 'ఆదర్శ పెంపకందారు' అన్నారు. నిన్నటి దాకా తప్పుచేసిన మనిషి ఇవాళ ఆదర్శం ఎట్లా అయిందని ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు. శాలువా అంత మెత్తనిది ఆమె ఒంటి మీద అంతకుముందెప్పుడూ పడలేదు. చుక్క మెడకు మొదటి గరాటు ఆమే తొడిగింది. తర్వాత పథకంలో ఉన్న ఆడవాళ్లందరి ఇళ్లకూ వెళ్లి దగ్గరుండి తొడిగించింది. వెనక వీధి వెంగమ్మకు చేతులు వణుకుతాయని, ఆమె కుందేళ్లన్నిటికీ తనే తొడిగి బిగించింది.

"ఇదేంది అమ్మాయ్," అంది వెంగమ్మ, "మైకు మింగినట్టుండయి."

"శుభ్రం అత్తా. ఇంక ఆ ముదనష్టపు తిండి తినవు."

"తినకపోతే ఏం తింటయి?"

"పిల్లిపెసర తినవా ఏంది, మోపులు మోస్తన్నాం గందా!"

కుందేళ్లు పిల్లిపెసర తిన్నాయి. గరాటు అంచు గిన్నెకు తగిలి, మేత సగం చిమ్మి, మిగిలింది తిన్నాయి. తిని చిక్కిపోయాయి. బొచ్చు పీచులాగా లేచింది, వెన్నుపూస చేతికి తగిలింది. పొద్దున్నే మెత్తటి పెంటికలు గుత్తులుగా కిందపడుతుంటే, వాటి కోసం వంగి వంగి, గరాటు పొట్టకు గుచ్చుకుని, గిరగిరా తిరిగేవి. ఆ తిరగడం చూసి ఖాసిం తనిఖీ పుస్తకంలో 'కుందేళ్లు చురుకుగా ఉన్నవి' అని రాసుకుపోయాడు.

అప్పుడు చుక్క ఈనింది. ఈనే ముందు కుందేలు తన పొట్ట మీద బొచ్చు పళ్లతో పీకి పిల్లలకు పరుపు వేస్తుంది. గరాటు ఉన్న కుందేలు ఏం పీకుతుంది? పీకాలని పీకాలని తల కొట్టుకుంది. పిల్లలు వట్టి వైరు మీద పడ్డాయి. తల్లి నాకలేదు, పొట్ట కిందికి తోసుకోలేదు. సువార్తమ్మ లేచి వచ్చేసరికి అన్నీ చల్లబడి ఉన్నాయి. ఆమె వాటిని చీర కొంగులో వేసుకుంది. ఇర్మియా వచ్చి చూసి, పార తెచ్చాడు.

మిగిలినవాటినైనా బతికించుకుందామని ఆమె చుక్కను బుట్టలో పెట్టుకుని కేంద్రానికి పరిగెత్తింది. బల్ల దగ్గర గుమాస్తా బుట్ట మూత తీసి చూసి మూసేశాడు.

"ఇది కుందేలు," అన్నాడు.

"అవును సార్, జబ్బు చేసింది. మందియ్యండి."

"మార్జాల పథకంలో ఉన్నది ఆరోగ్యం. కుందేళ్ల పథకంలో ఉన్నది పెంపకం. పిల్లులకు ఆరోగ్యం ఉంది, పెంపకం లేదు. కుందేళ్లకు పెంపకం ఉంది, ఆరోగ్యం లేదు. నీ కుందేలును పెంచమను, పెంచుతాం. వైద్యం మాత్రం నిబంధనలకు విరుద్ధం."

"చచ్చినదాన్ని ఎట్టా పెంచుతారు సార్?"

"అది పెంపకందారు బాధ్యత."

"లోపల డాక్టరమ్మ ఊరికే కూచోనుంది గదా!"

"ఊరికే ఎందుకు కూర్చుంటుంది? పిల్లుల కోసం కూర్చుంది. నువ్వొక పిల్లిని పట్టుకురా. దాని పేరు మీద మందు రాస్తారు, ఇంటికి తీసుకుపోయి ఎవరికి తాగించుకుంటావో నీ ఇష్టం."

సువార్తమ్మ బుట్ట ఎత్తుకుని తిరిగొచ్చింది. దారి పొడుగునా గుమాస్తా వంశాన్ని నోరారా తిట్టింది. ఇంటికొచ్చి చుక్క మెడలోంచి గరాటు పీకి గోడవతల పారేసింది. "చచ్చేదానికి శుభ్రం దేనికే. ఏం తింటావో తిని చావు" అని బోన్లో వదిలింది.

చుక్క చావలేదు. తెల్లారుతూనే వంగి, తలెత్తి, తీరిగ్గా నమిలింది. మర్నాడూ నమిలింది. వారం తిరిగేసరికి దాని బొచ్చు నున్నబడింది. పక్క బోన్లలో గరాట్లతో ఉన్నవి మాత్రం ఇంకా ఎండుతున్నాయి. సువార్తమ్మ ఆ బోను ముందర ఒకసారి, ఈ బోను ముందర ఒకసారి నిలబడి చూసింది. చూసి, మళ్లీ కేంద్రానికి వెళ్లింది. ఈసారి గుమాస్తా దగ్గర ఆగకుండా నేరుగా డాక్టరు గదిలోకి పోయింది.

"డాక్టరమ్మా, గరాటు పీకేస్తే చుక్క బతికింది. ఎందుకు బతికింది?"

మేఘమాల లేచి తలుపు వేసింది. గొంతు తగ్గించి చెప్పింది. "కుందేలు పొట్టలో మేత ఒక్కసారికి పూర్తిగా అరగదు సువార్తమ్మా. సారమంతా ఆ మెత్తటి పెంటికల్లో బయటికొస్తుంది. దాన్ని మళ్లీ తింటేనే ఒంటికి పడుతుంది. అది మలం కాదు, దానికి రెండో పూట భోజనం. గరాట్లన్నీ తీసెయ్. నేను చెప్పానని మాత్రం అనకు."

"ఈ సంగతి మీకు ఎప్పుడు తెలిసింది?"

"కాలేజీలోనే."

"మీటింగులో ఉంటిరి గదమ్మా. సమోసా గూడా తింటిరి. అప్పుడు నోరెందుకు లెగవలా?"

"నేను ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను."

"నా కుందేలు పిల్లలు ఏ ప్రొబేషన్‌లో ఉండయని చచ్చినయమ్మా?"

మేఘమాల కిటికీలోంచి బయటికి చూసింది. చదువుకున్నవాళ్లకు సిగ్గేసినప్పుడు కిటికీలు బాగా పనికొస్తాయి. అయితే ఆ సిగ్గు ఆమె చేత ఒక్క పని చేయించింది. ఆ మెత్తటి పెంటికలను సీసాలో వేసి పరీక్షకు పంపింది. నిజం తన నోటితో చెప్పకుండా ప్రయోగశాల చేత చెప్పిద్దామని, అది విని గరాట్లు తీసేస్తారని ఆమె ఆశ. పాపం, బంగారు పతకానికి ఆ మాత్రం అమాయకత్వం ఉంటుంది.

ఫలితం వచ్చింది. మాంసకృత్తులున్నాయి, విటమిన్లున్నాయి, కుందేలుకు కావాల్సినవన్నీ ఉన్నాయి. కోదండపాణి అది చదివి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ఇంత విలువైన పదార్థాన్ని ఈ కుందేళ్లు ఇన్నాళ్లుగా ఎలాంటి పర్యవేక్షణా లేకుండా వినియోగించుకుంటూ వచ్చాయా!"

"అందుకే సార్, గరాట్లు తీసేస్తే..." అంది మేఘమాల.

"తీసేస్తే మళ్లీ తినేస్తాయి డాక్టర్ గారూ! కుందేళ్లు నీరసించాయి, ఒప్పుకుంటాను. ఈ పదార్థం అందక నీరసించాయి. కాబట్టి శాఖ అందిస్తుంది. సేకరించి, శుద్ధి చేసి, పొట్లం కట్టి, క్రమపద్ధతిలో అందిస్తుంది."

ఆ పొట్లం పేరు 'శశక పుష్టి'. గోడౌన్లో గరాట్లు ఖాళీ అయిన చోట యంత్రాలు దిగాయి. పెంపకందారులు పొద్దున్నే బోన్ల కింద చెంచాతో ఏరి, డబ్బాలో పెట్టి కేంద్రంలో అప్పగించాలి. అక్కడ ఉడకబెట్టి, ఎండబెట్టి, పొడి చేసి, పొట్లం కడతారు. మధ్యాహ్నం అదే ఆడవాళ్లు అదే బల్ల ముందు వరసలో నిలబడి ఆ పొట్లాలు తెచ్చుకోవాలి. పొట్లం మీద పిల్లి బొమ్మ వేశారు. కేంద్రానికి ఆమోదం పొందిన బొమ్మ అదొక్కటేనట.

కుందేళ్లు ఆ పొడిని మూతితో కూడా ముట్టలేదు. కేంద్రం నుంచి సూచన వచ్చింది: 'తినని కుందేళ్లకు అవగాహన కల్పించవలెను.'

వెంగమ్మ నిజంగానే బోను ముందు కూర్చుని, "తినవే తల్లీ, గవర్మెంటుది" అని బతిమాలింది. ఆమె కుందేళ్లు రోజుకొకటి చొప్పున పడిపోతున్నాయి.

సువార్తమ్మ మాత్రం తన కుందేళ్లన్నిటికీ గరాట్లు తీసేసింది. ఇర్మియా వీధి మొదట్లో ఆటో ఆపుకుని కాపలా ఉండేవాడు. శాఖ జీపు కనబడితే హారను కొట్టేవాడు. హారను వినగానే ఆమె గరాట్లు తొడిగేసేది, జీపు పోగానే తీసేసేది. కేంద్రానికి గట్టి పెంటికలే నానబెట్టి డబ్బాలో పెట్టి అప్పగించేది. ఆమె బోన్లలో మాత్రమే పిల్లలు పుట్టాయి, బతికాయి. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. నలుగురికి తెలిస్తే శాఖకు తెలుస్తుంది, శాఖకు తెలిస్తే మంద పోతుంది, మంద పోతే షెడ్డు. వెంగమ్మ ఎదురుపడితే వేరే సందులోంచి పోయేది.

"ఆ ముసల్దానికన్నా చెప్పొచ్చు గందా," అన్నాడు ఇర్మియా ఒకరోజు.

"చెప్తే ఊరంతా చెప్పుద్ది. రేపు గ్రేడింగుకు నువ్వు పోతావా?" అంది ఆమె. ఆ రాత్రి అన్నం ఇద్దరికీ సరిగ్గా దిగలేదు.

శశక పుష్టి కేంద్రం ప్రారంభోత్సవానికి రాజధాని నుంచి ముఖ్య అతిథి వస్తున్నాడని తెలిసి, కోదండపాణి ఆరోగ్యంగా ఉన్న కుందేలు కోసం పథకమంతా గాలించాడు. దొరికింది సువార్తమ్మ మందలోనే. జీపు దిగి, నున్నగా నిగనిగలాడుతున్న చుక్కను చూసి ఆయన కళ్లు చెమర్చాయి.

"చూశారా డాక్టర్ గారూ! శశక పుష్టి ప్రభావం! ఈమె సభలో మాట్లాడాలి. 'పొట్లం పెట్టాను, కుందేలు కోలుకుంది.' అంతే. ఇంకేమీ అక్కర్లేదు."

సభ రోజు చుక్కను గరాటుతో సహా, పూలు కట్టిన బోన్లో వేదిక మీద పెట్టారు. కోదండపాణి చాలాసేపు మాట్లాడాడు. ప్రకృతి చేతిలో అస్తవ్యస్తంగా ఉన్న ఒక ప్రక్రియను శాఖ క్రమబద్ధం చేసిందన్నాడు. తర్వాత సువార్తమ్మను పిలిచారు. ఆమె మైకు ముందు నిలబడింది. పొట్లం మాట నాలిక చివరన సిద్ధంగా ఉంది. ముందు వరసలో వెంగమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో డబ్బా. డబ్బాలో ఏమీ లేదు, అప్పగించడానికి ఆమె ఇంట్లో కుందేలే మిగల్లేదు. అయినా సభకు డబ్బాలతో రమ్మన్నారని తెచ్చుకుంది.

"మాట్లాడమ్మా," అన్నాడు కోదండపాణి.

"మాట్లాడతా సార్," అంది సువార్తమ్మ. "వెంగమ్మత్తా, నీ కుందేళ్లకి గరాట్లు తొడిగింది నేను. నాయి తీసేసుకోని, నీకు చెప్పకుండా దాక్కోని తిరిగింది గూడా నేనే. నా కుందేళ్లు పొట్లం తినలా. నేను పెట్టలా. గరాటు పీకేశా, అంతే. అయ్యి తినేది అయ్యి తిన్నయి, బతికినయి."

మైకు ఆపమని కోదండపాణి సైగ చేశాడు. మైకు ఆగే లోపల ఆమె బోను తెరిచి చుక్క మెడలోంచి గరాటు లాగేసింది. పొద్దుటి నుంచీ గరాటులో ఉన్న చుక్క, ముఖ్య అతిథికి ఎదురుగా, పూలదండల మధ్య, వంగింది. వంగి, తలెత్తి, తీరిగ్గా నమిలింది.

"అది తింటున్నదేమిటి?" అన్నాడు ముఖ్య అతిథి.

కోదండపాణి నుదురు తుడుచుకున్నాడు. "శశక పుష్టే సార్. ప్యాకింగుకు ముందు దశ."

"బాగుంది," అన్నాడు ముఖ్య అతిథి, రిబ్బను కత్తిరించాడు.

ఆ సాయంత్రం ఊళ్లో ఆడవాళ్లంతా గరాట్లు పీకి వీధిలో పారేశారు. వెంగమ్మ మాత్రం గరాట్లేం పీకుతుంది? నేరుగా సువార్తమ్మ ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నిలబడి, ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగకుండా తిట్టింది. సువార్తమ్మ తలెత్తకుండా అంతా పడింది. తిట్లు అయిపోయాక ఒక ఆడ కుందేలునూ మగ కుందేలునూ బుట్టలో పెట్టి ముందర పెట్టింది. వెంగమ్మ బుట్ట ఎత్తుకుని, ఇంకో నాలుగు తిట్టి పోయింది.

మర్నాటి నుంచి కేంద్రానికి డబ్బాలు ఖాళీగా వచ్చాయి. యంత్రాలు ఆగాయి. కుందేళ్లన్నీ కోలుకుంటున్నాయని మేఘమాల నివేదిక రాసింది. ఈసారి సంతకం కూడా పెట్టింది. కోదండపాణి ఆ నివేదికను పక్కన పెట్టి, పోలీసు జవాన్లతో, బోన్లెక్కించే వ్యానుతో క్రిస్టియన్‌పాలెం వచ్చాడు.

"శశక పుష్టి కేంద్రానికి చెందవలసిన ముడిసరుకు అపహరణకు గురవుతున్నది," అన్నాడు.

"ఎవురు దొంగిలించారు సార్?" అంది సువార్తమ్మ.

"కుందేళ్లు. పట్టుబడిన కుందేళ్లన్నిటినీ శాఖ స్వాధీనం చేసుకుంటుంది."

ఆడవాళ్లంతా బోన్లకు అడ్డం నిలబడ్డారు. ఇర్మియా ఆటోను వ్యానుకు అడ్డంగా పెట్టి తాళం తీసేశాడు. జవాను ఒకడు బోన్లోకి తొంగిచూసి, "సార్, దొంగసొత్తు పొట్టలో ఉంటే ఎట్ల రాయమంటారు?" అని అడిగాడు. కోదండపాణి అతన్ని ఉరిమి చూశాడు.

సువార్తమ్మ వ్యాను వైపు చూసింది. ఆ వ్యానులో తన మందను ఎక్కిస్తే తను ఎక్కేది పొగాకు కంపెనీ లారీయే. ఆమె ముందుకొచ్చి అడిగింది. "సార్, కుందేలు మాకిచ్చారు గదా?"

"ఇచ్చాం. ముడిసరుకు మాత్రం శాఖది."

"సరే సార్. మీది మీరు పట్టుకోండి. మేం అడ్డం రాం. గరాటుతో పన్లేదు. పొద్దున్నే వొచ్చి, అది వొచ్చే టయానికి చెయ్యి పట్టండి. కుందేలు నోటికి పొయ్యేలోపల మీ చేతిలో పడిందా, మీదే. మేం ఒక్కమాటన్నా అంటే అప్పుడు వ్యానెక్కించండి."

కోదండపాణి గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా నిబంధనలు తిరగేసి, "సేకరణ విధానం గురించి నిర్దిష్టంగా లేదు సార్. ప్రత్యక్ష సేకరణ అనవచ్చు" అన్నాడు. ప్రత్యక్ష సేకరణ! ఆ మాట కోదండపాణికి నచ్చింది. అందులో ఉద్యోగాలున్నాయి, శిక్షణ ఉంది, జీపులున్నాయి. వ్యాను ఖాళీగా తిరిగిపోయింది.

తర్వాతి రోజుల్లో వేములదిన్నెలో తెల్లవారుతుండగా ప్రతి బోను ముందూ ఒక ప్రభుత్వోద్యోగి చేతికి తొడుగు వేసుకుని గొంతుక్కూర్చుని ఉండేవాడు. గుమాస్తాకు సువార్తమ్మ ఇల్లు పడింది. రెండో రోజే నడుం పట్టి సెలవు పెట్టాడు. ఒక్కరి చేతిలోనూ ఏమీ పడలేదు. అందరూ అసమర్థులని తిట్టి, ఎట్లా పట్టాలో చూపించడానికి కోదండపాణి స్వయంగా వచ్చాడు.

చుక్క బోను తలుపు తెరిచి, మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి చాపి, అరచెయ్యి దాని వెనక కింద పెట్టాడు. సిబ్బంది చుట్టూ మూగారు. చుక్క వంగింది. ఆ తల పోవాల్సిన దారిలో జాయింట్ డైరెక్టరు గారి మణికట్టు ఉంది. అది ఆగి, ఆయన గడియారాన్ని వాసన చూసి, మూతి ఇటూ అటూ పెట్టి దారి వెతుక్కుంది. కోదండపాణి మెడ తిప్పకుండా అడిగాడు.

"ఇది వంగితే చెయ్యి అడ్డమొస్తోంది. ఇప్పుడు ఏం చెయ్యాలి?"

సువార్తమ్మ పిల్లిపెసర మోపు దించుతూ చెప్పింది. "చెయ్యి తియ్యండి సార్."

కోదండపాణి చెయ్యి తియ్యలేదు. మోకాళ్లు నొప్పెడుతున్నాయని, కుర్చీ తెమ్మని ఖాసింను కేకేశాడు. కుర్చీ వచ్చే లోపల చుక్క అటు తిరిగి తినేసింది.